పన్నెండో ఆకు

ఇప్పుడు మా ఇంట్లో క్రికెట్టు మాటెత్తేవాళ్ళు లేరు. షోకేసులో బంతి ఉండిన చోట నేను అప్పడాల డబ్బా పెట్టినాను. మా ఆయన సుదర్శనం రెండు నెలలుగా నాతో మాట్లాడడంలేదు. ఏమన్నా కావల్లంటే గోడకి చెప్తాడు. గోడకి వినపడితే అదే తెచ్చిస్తుందిలే అని నేను గమ్మున ఉంటాను. ప్రాణానికి హాయిగా ఉండాది.

ముప్పై నాలుగేండ్ల ముందర ఊత్తుకోట నుంచి తిరువళ్ళూరులో ఈ ఇత్తడి అంగడి ఇంటికి కోడలుగా వచ్చినాను. వచ్చిన మూడో రోజే మా మామ జనార్ధనం నన్ను షోకేసు ముందర నిలబెట్టి, వెండి గిన్నెలో ఉండే ఎర్ర బంతిని చూపించినాడు.

"వనజాక్షీ, ఇది ఏందో తెలుసునా?"

"బంతి మామా."

"బంతి గాదు. చరిత్ర."

ఆ చరిత్ర కింద ఉండే గిన్నెని వారానికొకసారి విబూది పెట్టి తోమే పని మాత్రం నాకు పడింది.

చరిత్ర ఏందంటే, అది 1953, చిత్తిర నెల. తెల్లదొరలు పొయి ఆరేండ్లు. వాళ్ళు విడిచిపెట్టిన టోపీలు సరిపొయినా సరిపోకున్నా మనోళ్ళు తలకి పెట్టుకోని తిరగతా ఉండిన కాలం. రాష్ట్రం టీముకి ఆటగాళ్ళని ఏరేదానికని మద్రాసు పెద్దమనుషులు ఒక టీముని కట్టి చుట్టుపక్కల ఊర్లకి పంపించినారంట. మా ఊరికీ రైల్లో దిగినారు. ఇక్కడ గ్రౌండంటే ఏముంది, మట్టి నేల. దాని మీద కొబ్బరినార చాప పరిచి, చుట్టూ మేకులు కొట్టి ఆడేది. ఆ చాపని కొనిచ్చింది మా మామోళ్ళ నాయన. ఆటగాళ్ళకి భోజనం పెట్టిందీ ఆయనే. ఆ చాప మీద మా మామ ముప్పైయొక్క పరుగులిచ్చి ఏడు వికెట్లు తీసి మద్రాసోళ్ళని తొంబైలో మడిచేసినాడంట. దాంతో రాష్ట్రం టీముకి పిలుపొచ్చింది. పొయినాడు. ఒక ఏడాదంతా పెట్టె మోసుకోని రంజీ ఆటలకి రైళ్ళెక్కి, ఒక్క ఆటలో గూడా దిగకుండా, ఆడేవాళ్ళకి నీళ్ళందించి వచ్చినాడు. దానికొక నీలం కోటిచ్చినారు. ఆ కోటు చూసి బ్యాంకోళ్ళు ఉద్యోగమిచ్చినారు. నీళ్ళు మోసిన సంగతి ఆయన చెప్పలేదు, మా అత్త చెప్పింది, పోతా పోతా.

ఏటా ఆ మ్యాచి జరిగిన రోజున మా ఇంట్లో భోజనాలు. హాల్లో పదకొండు ఆకులు, టీములో పదకొండు మంది గాబట్టి. కూర్చునేది చుట్టాలు, రిటైరైన బ్యాంకోళ్ళు, అంగడికి కావల్సినోళ్ళు. తినేవాళ్ళకి పప్పుతో పాటు కథ గూడా వడ్డిస్తాడు మామ. పాయసం తాగల్లంటే ఏడో వికెట్టు పడిందాకా ఓర్చుకోవల్ల. పన్నెండో ఆకు పెరట్లో, నీళ్ళ తొట్టి పక్కన అరుగు మీద. దాంట్లో గూడా అన్నీ వడ్డించి, రవ్వ సేపు అట్లే ఉంచి, మడిచి క్యారియర్లో పెట్టి, అంగట్లో పనిచేసే పార్థిబన్ చేత కడంబత్తూరుకి పంపల్ల.

"ఎవురికి మామా?" అంటే, "చాప పరిచినాయనకి" అంటాడు. అంతకి మించి చెప్పడు. సరే, పుణ్యానికి గూడా ఏడాదికొక ఆకని కొలత పెట్టుకున్నాడు పెద్దమనిషి అనుకున్నాను.

ఈ ఏడు జిల్లా క్రికెట్టు సంఘానికి డెబ్బై ఐదేండ్లు. తిరుత్తణి రోడ్డులో కనకమ్మ సత్రం దాటినాక కొత్తగా గ్రౌండు కట్టినారు. దాంట్లో గ్యాలరీకి మా మామ పేరు పెడతామని సంఘం సెయలాలర్ ఇంద్రసేన ఇంటికొచ్చి చెప్పిపొయినాడు. సెక్రెటరీ అంటే చాలదంట ఆయనకి, సెయలాలర్ అనే అనల్ల. ఇంక మా ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. జన్మలో బ్యాటు పట్టింది లేదు, పట్టింది బొద్దింకల్ని కొట్టే చీపురు. ఆయన గూడా రోడ్డులో నడిచేటప్పుడు చెయ్యి తిప్పతా బౌలింగు వేసేది మొదలుపెట్టినాడు. అంగడి బిల్లు బుక్కు మీద "ఏడు వికెట్ల జనార్ధనం కుమారుడు" అని అచ్చేయిస్తానన్నాడు. గిన్నెలు కొనేదానికొచ్చినోళ్ళు వికెట్లు చూసి కొంటారా అంటే, "నీకేం తెలుసు ఆట గురించి" అన్నాడు.

కత్తిరి ఎండలు ఇంకా మొదలు గాలేదు గానీ మిద్దె అప్పుడే పెనం మాదిరి కాలతా ఉండింది. ఒక సాయంత్రం ఒక ఆడబిడ్డ వచ్చింది. ఇరవై నాలుగేండ్లుంటాయి.

"వణక్కం ఆంటీ. నా పేరు తనుశ్రీ. సంఘంలో స్కోరర్ని. డెబ్బై ఐదేండ్ల పండగకి వేసే పుస్తకం, విళా మలర్‌లో మొదటి రోజుల గురించి నన్ను రాయమన్నారు. తాత కాడ పాత స్కోరు పుస్తకం ఉండాదని చెప్పినారు" అనింది.

మ్యాచి జరిగేటప్పుడు పడే ప్రతి బంతికీ పుస్తకంలో గుర్తు పెట్టేది ఆ బిడ్డ పని. దానికి పరీక్షలుంటాయంట, పాసైంది. మా ఆయన గబగబా షోకేసు తెరిచి వెండి గిన్నెతో సహా బంతిని చేతిలో పెట్టినాడు. తనుశ్రీ దాన్ని రెండు వేళ్ళతో తిప్పి చూసింది.

"అంకుల్, ఇది ఆ మ్యాచి బంతేనా?"

"మరి?"

"కొబ్బరి చాప మీద ముప్పై ఓవర్లు పడిన బంతి కుక్క కొరికిన చెప్పు మాదిరి ఉండల్ల. ఇది నున్నగా ఉండాదే?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అసలుది ఎలకలు కొట్టేసినాయి. ఇది నాన్న ఎనభైలో మౌంట్ రోడ్డులో కొన్నది. అయితే ఏమిప్పుడు? బంతి బంతే గదా."

ముప్పై నాలుగేండ్లు! అంగట్లో కొన్న బంతికి నేను విబూది అభిషేకం చేసినాను. మామ వైపు చూస్తే ఆయన ఫ్యాను వైపు చూస్తా ఉండాడు.

పుస్తకం దేవుడి గూట్లో పసుపు గుడ్డలో చుట్టి ఉండింది. కట్టు విప్పి నేనే ఇచ్చినాను. తనుశ్రీ నేల మీద కూర్చోని, ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టుకోని చదివింది. ఒక ఓవర్‌కి ఒక గడి. చదివినాక మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇక్కడ భోజనానికి లేసినట్టు గీత గీసినారు చూడండి. గీతకి ముందర తాత రెండు ఓవర్లు వేసినారు. ఇరవై మూడు పరుగులు. వికెట్టు లేదు."

"సరే."

"గీత తర్వాత పదకొండు ఓవర్లు. ఎనిమిది పరుగులు. ఏడు వికెట్లు."

నాకు నవ్వాగలేదు. "ఏం మామా, ఆరోజు మీ అమ్మ పప్పులో ఏం కలిపింది? నాకూ చెప్పుంటే మీ కొడుక్కి పెట్టుందును గదా."

ఆ బిడ్డ నవ్వలేదు. మామ మొగం వైపే చూస్తా ఉండింది. మామ కండువాతో మెడ తుడుచుకోని, "ఎండ జాస్తిగా ఉండాది. మజ్జిగ తీసుకరా" అన్నాడు. సాయంత్రం ఆరింటికి!

గేటు దాకా తోడు పొయినాను. తనుశ్రీ చెప్పులేసుకుంటా అనింది: "ఆంటీ, ఏటా మీ ఇంటి నుంచి కడంబత్తూరుకి ఒక క్యారియరొస్తుంది గదా. వచ్చేది మా ఇంటికే. మా తాత పేరు ఆరుముగం."

"చాప పరిచినాయనా?"

"చాప గూడా పరిచినాడు."

ఆ మాట నాకు ఎక్కేదానికి రవ్వ సేపు పట్టింది. ఆమే మళ్ళీ అనింది: "మా తాత నోరు తెరిచి ఏమీ చెప్పడు. నేను స్కోరర్ పరీక్ష పాసైనప్పుడు మాత్రం, నువ్వన్నా చూసింది చూసినట్టు రాయి పాపా, అన్నాడు. ఆయనకి తొంబై ఆంటీ. ఆ వికెట్లు ఎవరివో ఒక్కసారన్నా ఎవరన్నా చెప్తే విని పోవల్లని ఉండాది ఆయనకి. మలర్‌లో రాస్తానంటే సెయలాలర్, పెద్దాయన తన నోటితో చెప్తే చూద్దాం పో, అన్నారు. అందుకే వచ్చినాను."

సొమ్మొకడిది, సోకొకడిది. ఇంట్లోకి వచ్చి, తెరిచిపెట్టిన షోకేసు తలుపు ధడాల్న మూసినాను.

మరుసటి రోజు మా ఆయన అంగడికి పొయినాక మామ ముందర పీటేసుకోని కూర్చున్నాను. "చెప్పండి" అన్నాను. ఏం చెప్పల్ల అని ఆయన అడగలేదు.

"ఆ సీజనంతా నెట్టులో మాకు బంతులేసింది ఆరుముగమే" అన్నాడు. "ఒక్కనికీ ఆడనయ్యేది గాదు. చాప యాడ బిగువుగా ఉండాదో, యాడ వదులో మేకు కొట్టినోనికే గదా తెలిసేది."

"మరి టీములో ఎందుకు లేడు?"

"టీములో పేరుంటే హాల్లో ఆకుండల్ల గదమ్మా. భోజనం మన ఇంట్లో. వాళ్ళని లోపలికి రానిచ్చే కాలమా అది? మా నాయన ఒప్పుకోలే."

పంక్తిలో ఆకెయ్యకుండా ఉండేదానికి టీములో పేరే లేకుండా చేసినారు. చాప కొనిచ్చినాయన కొడుకు గాబట్టి ఈయన్ని పెట్టినారు. ఈయన రెండు ఓవర్లేసి ఇరవై మూడు పరుగులు దానం చేసినాడు.

"భోజనాలైనాక మా కెప్టెన్ చెవిలో చెప్పినాడు, నువ్వు మొగం కనపడకుండా టెంటులో పడుకో అని. నా టోపీ ఆరుముగం తలకి పెట్టినారు. మద్రాసోళ్ళకి మా మొగాలేం తెలుసు? స్కోరు రాసేది మన అంగడి గుమాస్తానే. నేను దుప్పటి కప్పుకోని పడుకోని చప్పట్లు వింటా ఉండినా. పొయేటప్పుడు మద్రాసు కెప్టెన్ నా చెయ్యి పట్టుకోని, అన్నం తిన్నాక బాగా వేస్తావు నువ్వు, అని నవ్వినాడు. వానికి తెలుసు. అందరికీ తెలుసు."

"అందుకా పన్నెండో ఆకు?"

"ఊఁ."

"అదీ పెరట్లోనా?"

"ఆరోజు ఆరుముగం తినింది ఆడనే గదమ్మా" అన్నాడు, నాకేదో తెలియనిది చెప్పినట్టు.

థూ అనబుద్ధేసింది. కోడల్ని గాబట్టి మింగినాను. తప్పు చేసింది హాల్లో, కడుక్కునేది పెరట్లో. అదీ తన చేత్తో గాదు, నా చేత వండించి, పార్థిబన్ చేత మోయించి!

"మామా, మీరు కథ చెప్పేటప్పుడు నేను కాఫీ కలపతా లోపల నవ్వుకునేదాన్ని. ముసలాయన కోతలు కోస్తా ఉండాడులే అనుకునేదాన్ని. కోతలయితే ఎంత బాగుండు" అన్నాను.

ఆయన కండ్లు తుడుచుకున్నాడు. నాకు జాలి రాలేదు, ఉండేది ఉన్నట్టు చెప్తున్నా.

"ఈసారి ఆయన్ని పిలుస్తాను. హాల్లో ఆకేస్తాను. అందరి ముందర చెప్పండి."

"నోరు రాదు వనజా."

"డెబ్బై రెండేండ్లు వచ్చిన నోరే గదా."

అంగడి నుంచి వచ్చినాక మా ఆయనకి నేనే చెప్పినాను. ఆయనకి ముందరే తెలుసంట. అది ఇంకా అందం. "బోర్డు రాసేసినారు, రేపో మాపో మలర్ అచ్చుకి పోతుంది, ఇప్పుడు నువ్వు రచ్చ చెయ్యొద్దు" అని ఎగిరినాడు. "అయినా ఏటా అన్నం పంపిస్తానే ఉండాము గదా. ఇంకేం కావల్లంట వాళ్ళకి?"

మరుసటి రోజు పొద్దున్నే అరక్కోణం లోకలెక్కి కడంబత్తూరులో దిగినాను. ఆరుముగం ఇంటి ముందర రేకు పందిలి కింద కుర్చీలో కూర్చోనుండాడు. సన్నంగా, పొడుగ్గా, తొంబై ఏండ్లకి గూడా వీపు వంగలేదు. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం పక్కకి తిరిగిపొయుండాయి. నన్ను చూసి తనుశ్రీ కాఫీ పెట్టేదానికి లోపలికి పొయింది.

"మీరు రావల్ల అయ్యా. హాల్లో ఆకేస్తాను" అన్నాను.

"తినేదానికి రానమ్మా" అన్నాడు. "వినేదానికైతే వస్తా."

"ఆయన చెప్తాడని నేను మాటియ్యలేను."

"చెప్పకుంటే లేసొచ్చేస్తా. కడంబత్తూరుకి రైళ్ళు నిండా ఉండాయి."

భోజనాల రోజొచ్చింది. ముసలోళ్ళు కింద కూర్చోలేరని ఇప్పుడు హాల్లో బల్లలేస్తాము. నేనే తడిగుడ్డతో తుడిచి ఆకులు పరిచినాను. మా ఆయన వచ్చి వేలు పెట్టి లెక్కపెట్టినాడు.

"ఏమే, పన్నెండుండాయి?"

"లెక్క నాకొచ్చు. మీ అంగడి గుమాస్తా మాదిరి గాదు" అన్నాను. పక్కన ఇంద్రసేన ఉండాడు గాబట్టి పండ్లు కొరుక్కోని ఊరుకున్నాడు.

ఆరుముగం తెల్ల చొక్కా, తెల్ల పంచతో తనుశ్రీ చెయ్యి పట్టుకోని వీధి వాకిట్లో నుంచే లోపలికొచ్చినాడు. గడప కాడ ఒక్క క్షణం నిలబడి హాలంతా చూసినాడు. ఇంట్లో చాప మేకులు దాచిన గది చూసుంటాడు, పెరడు చూసుంటాడు, హాలు ఇదే చూసేది. మామ పక్క ఆకు కాడ కూర్చోబెట్టినాను. మామ లేసేదానికి చూసి, కాళ్ళు రాక మళ్ళీ కూలబడినాడు. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు.

"ఎవురు సార్ వీరు?" అన్నాడు ఇంద్రసేన.

"గ్రౌండులో పనిచేసినాయన" అన్నాడు మా ఆయన. "సుమ్మా, ఊరికే చూసిపోదామని వచ్చినారు."

"అప్పడియా, అట్లనా! మంచిది, మంచిది" అని ఫోను పైకెత్తినాడు ఇంద్రసేన. "సార్, ఆ ఏడు వికెట్ల సంగతి మీ నోటితో ఒక్కసారి చెప్పండి. వీడియో తీసుకుంటాను. గ్రౌండులో పెద్ద స్క్రీను మీద వేస్తాము."

మామ మొదలుపెట్టినాడు. 1953, చిత్తిర నెల. రైలు. చాప. నాకు ప్రతి మాటా తెలుసు, యాడ దగ్గుతాడో గూడా తెలుసు. అవే మాటలు, అదే వరస. అయిపొయింది, ఈయనేం చెప్పడు అనుకున్నాను. సిగ్గు నాకొచ్చింది, ఆ పెద్దాయన్ని రైలెక్కించి రప్పించింది నేనే గదా. ఆరుముగం రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకోని తలొంచుకోని వింటా ఉండాడు. తనుశ్రీ గోడకానుకోని నిలబడుండాది.

"భోజనాలకి లేసినాము" అన్నాడు మామ. "ఈ హాల్లోనే. పదకొండు ఆకులు."

ఆగినాడు. ఆయన ఎప్పుడూ దగ్గేది అక్కడ గాదు.

"భోజనాలైనాక బంతి తీసుకున్నావు, చెప్పు నాన్నా" అని మా ఆయన అందించినాడు.

"నేను తీసుకోలే."

"నాన్నా..."

"టోపీ తీసిచ్చినా. ఆరుముగానికి. ఏడు వికెట్లూ వానివే." మళ్ళీ ఆగి, పక్కకి తిరిగి, "ఆయనవే" అన్నాడు.

ఇంద్రసేన ఫోను దించేసినాడు. "ఎండకి సార్ రవ్వంత తడబడతా ఉండారు. పాయసం తెమ్మనండమ్మా" అన్నాడు. బ్యాంకోళ్ళు ఆకుల్లో ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటా ఉండారు. చుట్టాల్లో ఒకాయన అప్పళం విరిచినాడు. మా ఆయన మొగం కడగని గిన్నె మాదిరి అయిపొయింది. నిజం చెప్పినందుకు తొంబై రెండేండ్ల ముసలాయన్ని ఎండ కొట్టిందన్నారు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ ఒక్కరికీ ఎండ తగల్లేదు. గ్యాలరీ బోర్డు మీద రెండు నెలలైనా ఇంకా గుడ్డ కప్పే ఉండాదంట, ఏ పేరు పెట్టాల్నో వాళ్ళకే తెలియక. స్కోరు పుస్తకం నేను ఆరోజే తనుశ్రీ సంచిలో పెట్టేసినాను. అడిగేవాళ్ళు కడంబత్తూరుకి పొయి అడగనీ.

నేను అన్నం గిన్నె తీసుకోని ఆరుముగం ఆకు కాడికి పొయినాను. వినేదానికొచ్చినాడు, వినేసినాడు. ఇంక లేస్తాడు అనుకున్నాను.

ఆయన తలెత్తి నన్ను చూసినాడు.

"ఇన్నేండ్లూ మీ ఇంటి ఆకు నేను ముట్టలేదమ్మా" అన్నాడు, మెల్లగా, అందరికీ వినపడేటట్టు. "మా గేదెకి పెట్టేవాణ్ణి."

ముప్పై నాలుగేండ్లు. పప్పు, సాంబారు, ఉర్లగడ్డ వేపుడు, వడ, పాయసం. పొయ్యి కాడ నిలబడి చెమటలు కారతా వండినవన్నీ కండ్ల ముందర తిరిగినాయి. మామ పన్నెండో ఆకుని, ఈ ఇంటోళ్ళందరినీ నేను ఎంత లోకువగా చూసినా, ఆరుముగం చూసినంత లోకువగా నేను చూడలేదు.

"బాగా తినేదా అయ్యా?" అన్నాను, ఏమనల్లో తెలియక.

"బో ఇష్టంగా" అన్నాడు.

గ్లాసులో నీళ్ళు తీసి ఆకు మీద చల్లి, ఆ వంకర వేళ్ళతో తుడిచినాడు. "వడ్డించు తల్లీ. అది అంత ఇష్టంగా ఎందుకు తినేదో చూద్దాం."

వడ్డించినాను. పప్పు కలుపుకోని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పండ్లు లేవు గాబట్టి నిదానంగా నమిలినాడు. మామ తన ఆకుని మరిచిపొయి, పరీక్ష రాసిన పిలకాయ మాదిరి ఆయన నోటి వైపే చూస్తా ఉండాడు.

"ఉప్పు తక్కువమ్మా" అన్నాడు ఆరుముగం.

ఇన్నేండ్లుగా ఆ హాల్లో కూర్చోని తిన్న పెద్దమనుషులు ఒక్కరూ నా వంటకి వంక పెట్టింది లేదు. వంటింట్లోకి పొయి ఉప్పు గిన్నె తెచ్చినాను. ముందర ఆయన ఆకులో ఎడమ పక్క మూలన పెట్టి, తర్వాత మిగతా పదకొండు ఆకుల కాడికి పొయినాను.